టగ్గులు, బార్జీల పనికి మంచి కంపెనీని ఎంచుకోవడం ఎలా?

కాకినాడలో మా ఇంటికి వచ్చి, "బాబాయ్, ఫలానా కంపెనీలో టగ్గు మీద ఉద్యోగం వచ్చింది, మంచి కంపెనీయేనా?" అని అడిగే కుర్రాళ్లలో చాలామంది అప్పటికే ఏజెంటు చేతిలో ఎంతో కొంత పెట్టేసి ఉంటారు. ఆ ప్రశ్న డబ్బు కట్టకముందు, అసలు పాస్‌పోర్టు కాపీ కూడా పంపకముందు వేసుకోవాలి. అందుకే వచ్చినవాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. టగ్గు అంటే ఓడల్ని, బార్జీల్ని లాగే, నెట్టే బలమైన చిన్న బోటు. బార్జీ అంటే సరుకునో మనుషుల్నో మోసే బల్లపరుపు పడవ. నేను ఇంజిన్ వైపు మనిషిని. ఇక్కడి యాంకరేజి (ఓడలు లంగరు వేసుకుని ఆగే చోటు) టగ్గుల మీద ఆయిలర్‌గా, అంటే ఇంజిన్ రూము సహాయకుడిగా మొదలై, కొన్నేళ్లు షార్జాలో, ఆ తర్వాత మన తూర్పు తీరం పోర్టుల్లో చీఫ్ ఇంజనీరుగా చేశాను. డెక్కు వైపు సంగతులు పక్కనే ఉండి చూసినవి.

కంపెనీ మంచిచెడ్డలు నేను రెండు ప్రశ్నలతో తేల్చుకుంటాను. కిందటి నెల జీతం ఏ తేదీన పడింది? ఇంజిన్ రూముకి కావాలని రాసి పంపిన సామాను ఎన్నాళ్లకు వచ్చింది? చేతిలో డబ్బు ఆడని ఓనరు ముందు స్పేర్లు ఆపుతాడు. ఆ తర్వాత మెస్సు సరుకులు తగ్గుతాయి. తర్వాత రిలీవర్ రావడం ఆలస్యమవుతుంది, ఎందుకంటే కొత్త మనిషికి టికెట్టు కొనాలి, పాత మనిషికి లెక్క చూసి ఇచ్చేయాలి. జీతం ఆగేది అన్నిటికన్నా చివర. కాబట్టి జీతం ఇంకా పడుతోంది కదా అని కంపెనీ బాగుందనుకోవద్దు. ఫిల్టర్లు రావడం ఎప్పుడు ఆగిందో అప్పుడే లోపల తేడా మొదలైంది. మీరు చేరబోయే బోటు ఈ వరసలో ఎక్కడ ఉందో ముందే తెలుసుకోవచ్చు. ఎలాగో చెప్తాను.

ముందు ఏ పనో తేల్చుకోండి

టగ్గు ఉద్యోగం అంటే అన్నిచోట్లా ఒకటే పని కాదు. పని మారితే అడగాల్సిన ప్రశ్నలూ మారతాయి.

మా కాకినాడ యాంకరేజి సంగతే తీసుకోండి. పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. హోప్ ఐలాండ్ చాటున లంగరు వేసుకుని ఉంటాయి. బియ్యం బస్తాలు కాలవ ఒడ్డున బార్జీలకు ఎక్కుతాయి, టగ్గు ఆ బార్జీలను ఓడ పక్కకు లాక్కెళ్తుంది, ఓడ క్రేన్లు స్లింగులతో బస్తాలు ఎత్తుకుంటాయి. ఓడలు ఉంటే రాత్రీ పగలూ పని, లేకపోతే టగ్గులు జెట్టీకి కట్టేసి ఉంటాయి. 2023 జూలైలో కేంద్రం బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. మళ్లీ 2024 సెప్టెంబరులో గానీ తెరవలేదు. ఇలాంటి నిర్ణయం ఒకటి ఢిల్లీలో పడితే ఇక్కడ బార్జీ మనిషి ఇంట్లో తెలుస్తుంది. అందుకని యాంకరేజిలో చేరేవాళ్లు మొదట అడగాల్సింది నెల జీతం ఎంత అని కాదు. "ఓడలు లేని నెలలో ఏమిస్తారు? పూర్తి జీతమా, సగమా, ట్రిప్పు లెక్కనా?" అని అడగండి. సూటిగా జవాబు చెప్పే ఓనరు దగ్గర, అంకె కాస్త తక్కువైనా చేరండి.

విశాఖ, గంగవరం, కృష్ణపట్నం లాంటి చోట్ల హార్బర్ టగ్గుల పని వేరు. వచ్చే ఓడను బెర్తుకు చేర్చడం, వెళ్లేదాన్ని బయటికి తీయడం. చాలాచోట్ల టగ్గు ఒక కంపెనీది, పోర్టు దాన్ని కొన్నేళ్లకు అద్దెకు తీసుకుంటుంది, సిబ్బందిని మాత్రం ఇంకో మ్యాన్‌పవర్ కాంట్రాక్టరు సప్లై చేస్తాడు. యూనిఫాం మీద ఒక పేరు, గేటు పాసు మీద ఇంకో పేరు, జీతం వేసేది మూడో పేరు. ఏదైనా తేడా వచ్చినప్పుడు ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూపిస్తారు. "నా జీతం ఎవరి ఖాతా నుంచి పడుతుంది? పీఎఫ్ ఎవరి పేరు మీద జమవుతుంది? టెండరు అయిపోయి టగ్గు వెళ్లిపోతే నా సంగతేంటి?" ఈ మూడూ అడక్కుండా సంతకం పెట్టొద్దు. ఓనర్లు కూడా మారుతుంటారు. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు పెట్టుకుని దేశంలోనే పెద్ద టగ్గుల కంపెనీగా ఎదిగిన ఓషన్ స్పార్కిల్‌ని 2022లో అదానీ వాళ్లు కొన్నారు. అంతటి కంపెనీయే చేతులు మారినప్పుడు చిన్నవాటి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఎవరి నోటి మాటా లెక్కలోకి రాదు. కాగితం మీద ఉన్న పేరే మీ యజమాని.

మూడోది ఆఫ్‌షోర్, అంటే ఎక్కువగా నడి సముద్రంలో చమురు, గ్యాస్ క్షేత్రాల దగ్గర పని. మన దగ్గర కేజీ బేసిన్, పడమర బాంబే హై, గల్ఫ్ దేశాలు. టోయింగ్, యాంకర్ హ్యాండ్లింగ్, డ్రెడ్జింగు బార్జీలు, మనుషులు ఉండే అకామడేషన్ బార్జీలు అన్నీ దీని కిందికే వస్తాయి. జీతం ఎక్కువ, ఇల్లు దూరం, ప్రమాదం కూడా ఎక్కువే. 2021 మే 17న తౌక్తే తుపానులో ముంబై దగ్గర పీ-305 బార్జీ మునిగిపోయింది, వరప్రద అనే టగ్గు కూడా పోయింది. రెండూ కలిపి డెబ్బై మందికి పైగా చనిపోయారు. తుపాను హెచ్చరిక ముందే ఉంది. నాకు ఆ రోజు నుంచి ఆఫ్‌షోర్‌కి వెళ్తానన్న ప్రతి కుర్రాడితోనూ ఒకటే చెప్పాలనిపిస్తుంది: వాతావరణం చెడితే బోటును లోపలికి తీసుకురావాలని నిర్ణయించేది ఎవరు, మాస్టరా (బోటు కెప్టెన్), ఆఫీసా, బోటును ఛార్టర్ చేసిన, అంటే అద్దెకు తీసుకున్న కంపెనీయా? అక్కడ పనిచేసి వచ్చినవాళ్లను ఈ ప్రశ్న అడగండి. "మా మాస్టరు లోపలికి వచ్చేస్తానంటే, వద్దని ఆఫీసు వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేసేవాళ్లు" అని జవాబొస్తే, ఎన్ని డాలర్లైనా ఆ కంపెనీ వద్దు.

నదుల మీద, గోవా, హుగ్లీ వైపు పనికి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం (2021) కింద సర్టిఫికెట్లు వేరుగా ఉంటాయి. అక్కడికి వెళ్లేముందు ఒక్కటి చూసుకోండి. మీరు చేసే సర్వీసు రేపు పెద్ద సర్టిఫికెట్ పరీక్షకు లెక్కలోకి వస్తుందా? హార్బర్ టగ్గు విషయంలోనూ ఇదే ప్రశ్న. సర్వీసు ఎక్కడ నమోదు చేస్తారు, సీడీసీలో (సీమ్యాన్ సర్వీసు నమోదు చేసే పుస్తకం) వేస్తారా, లెటర్ ఇస్తారా, ఎంత లెక్కకొస్తుంది అన్నది చేరకముందే మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కనుక్కుంటే, నాలుగేళ్ల తర్వాత ఏడవాల్సిన పని ఉండదు.

ఏజెంటు దగ్గర చూడాల్సింది

విదేశీ బోటైనా, దేశీ బోటైనా, ఓడల మీదకు మనుషుల్ని పంపే ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్) ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్, అంటే సీమెన్ నియామక లైసెన్సు ఉండాలి. లిస్టు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. నంబరు ఉందా లేదా అని మాత్రమే చూసి వదిలేయకండి. ఆ నంబరు పక్కన ఉన్న పేరు, అడ్రసు, మీతో మాట్లాడుతున్న మనిషి చెప్పే పేరు, అడ్రసు ఒకటేనా? లైసెన్సు గడువులో ఉందా? విజిటింగ్ కార్డు మీద నంబరుకు కాదు, సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, "మీ తరఫున ఫలానా ఆయన కాకినాడలో మనుషుల్ని తీసుకుంటున్నారట, నిజమేనా?" అని అడగండి. అసలు కంపెనీకి తెలియకుండా దాని లెటర్‌హెడ్ మీద ఆఫర్ లెటర్లు కొట్టిచ్చేవాళ్లు ఉన్నారు. ఒక్క ఫోన్‌తో బయటపడే మోసం అది.

డబ్బు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఉద్యోగం ఇప్పించినందుకు సీమ్యాన్ దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. భారత్ 2015లో ఒప్పుకున్న సముద్ర కార్మికుల ఒప్పందం, ఎమ్‌ఎల్‌సీ 2006 కూడా ఇదే చెప్తుంది. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ సర్టిఫికెట్ లాంటి మీ సొంత కాగితాల ఖర్చు మీది. టికెట్టు, ఏజెంటు ఫీజు మీవి కావు. "ఇది ఫీజు కాదు, సెక్యూరిటీ డిపాజిట్, మొదటి కాంట్రాక్టు అవగానే తిరిగిచ్చేస్తాం" అనే మాట శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి ఊళ్లో వినబడుతుంది. అది ఫీజే. పొలం తాకట్టు పెట్టి కట్టినవాడు బోటెక్కిన తర్వాత ఏ అన్యాయం జరిగినా నోరెత్తలేడు. అప్పు తీరాలి కదా అని పళ్ల బిగువున భరిస్తాడు. డబ్బు తీసుకునేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ సీమ్యాన్ వీసా చేయిస్తామన్నా, ఇక్కడి నుంచి నేరుగా కాకుండా ఇంకో దేశం మీదుగా పంపిస్తామన్నా, అక్కడితో మాట ఆపేయండి. ఎయిర్‌పోర్టులో ఎవరైనా అడిగితే టూరిస్టునని చెప్పమన్నారంటే, అక్కడ మీకేమైనా అయితే మీరు వాళ్ల మనిషి కాదని ఇప్పుడే చెప్తున్నారన్నమాట.

అసలు కాగితాల సంగతి కూడా ఒక మాట. బేసిక్ ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ సిబ్బంది శిక్షణకు అంతర్జాతీయ ప్రమాణం) కోర్సులు, అంటే ప్రాణరక్షణ, అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, పీఎస్‌ఎస్‌ఆర్ (వ్యక్తిగత భద్రత, సామాజిక బాధ్యతలు), దాంతోపాటు సెక్యూరిటీ కోర్సు, డీజీ షిప్పింగ్ అనుమతి ఉన్న సంస్థలోనే చేయాలి. ఇండోస్ నంబరు (భారత సీమెన్ గుర్తింపు సంఖ్య), సీడీసీ మీ పేరున నిజంగా ఉండాలి. క్లాసుకు వెళ్లకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తానన్నవాడు మీకు ఉద్యోగం ఇప్పించడం లేదు, కేసు ఇప్పిస్తున్నాడు.

బోటు పేరు అడగండి

కంపెనీ పేరు చెప్పి బోటు పేరు చెప్పని ఏజెంట్లు చాలామంది. "అక్కడికెళ్లాక చెప్తారు" అంటారు. బోటు పేరు, జెండా ఏ దేశానిది, ఐఎమ్‌ఓ నంబరు (ఓడకు అంతర్జాతీయంగా ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఈ మూడూ తీసుకోండి. ఐఎమ్‌ఓ నంబరులో 7 అంకెలుంటాయి, బోటు పేరు మారినా అది మారదు. ఈక్వాసిస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఆ నంబరు కొడితే ఓనరు, మేనేజరు, కట్టిన ఏడాది, ఏ పోర్టులో తనిఖీ జరిగింది, ఎక్కడైనా ఆపేశారా అన్నవి కనిపిస్తాయి. నాలుగేళ్లలో మూడు పేర్లు, మూడు జెండాలు మారిన బోటంటే నాకు భయం. చిన్న టగ్గులకు, సొంత ఇంజిన్ లేని డంబ్ బార్జీలకు ఐఎమ్‌ఓ నంబరు ఉండకపోవచ్చు. అప్పుడు ఓనరుకున్న మిగతా బోట్ల పేర్లు పట్టుకుని వెతకండి.

ఇంకొకటి తప్పకుండా చూడాలి. ఓనర్లు వదిలేసిన ఓడల జాబితాను అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐఎల్‌ఓ, వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఏ బోటు, ఏ జెండా, ఏ పోర్టు, ఎంతమంది సిబ్బంది, ఎన్ని నెలల జీతం బాకీ, అన్నీ అందులో ఉంటాయి. మీ ఓనరు పేరు అందులో ఒక్కసారి కనిపించినా వెళ్లొద్దు.

ఎమ్‌ఎల్‌సీ గురించి అందరూ మాట్లాడతారు గానీ, టగ్గు మనిషి తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. పోర్టు నీళ్లలో, దాన్ని ఆనుకుని రక్షణగా ఉన్న నీళ్లలో, నదుల్లో మాత్రమే తిరిగే బోట్లకు ఆ ఒప్పందం వర్తించదు. అంటే సముద్రం దాటే టగ్గు మీద ఉన్నవాడికి ఉన్న చాలా హక్కులు, అదే కంపెనీ హార్బర్ టగ్గు మీద ఉన్నవాడికి రాకపోవచ్చు. అప్పుడు మీకు మిగిలే రక్షణ మీరు సంతకం పెట్టిన అగ్రిమెంటు, ఆ దేశపు కార్మిక చట్టం, అంతే. అందుకే హార్బర్ పనికి వెళ్లేవాళ్లు అగ్రిమెంటును ఇంకా శ్రద్ధగా చదవాలి.

అగ్రిమెంటులో నేను వెతికేవి

అగ్రిమెంటు ఫ్లైటు రోజున ఎయిర్‌పోర్టు బయట ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. రెండు రోజుల ముందు ఇంటికి పంపమనండి. చదివి, అర్థం కాని చోట ఇంగ్లిష్ వచ్చినవాళ్లతో చదివించుకోండి. ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్లో పెట్టండి.

జీతం ఒకే అంకెగా ఉంటే, అందులో బేసిక్ ఎంత, ఓవర్‌టైమ్ ఎంత, లీవు జీతం కలిసే ఉందా అని అడగండి. 900 డాలర్లని చెప్పి, అందులోనే లీవు జీతం కలిపేసి, ఇంటికొచ్చాక చేతిలో ఏమీ పెట్టని అగ్రిమెంట్లు నేను చూశాను. పోలికకు ఒక అంకె గుర్తుపెట్టుకోండి. ఐఎల్‌ఓ ఖరారు చేసిన ఏబీ (అనుభవమున్న డెక్కు సీమ్యాన్) కనీస బేసిక్ జీతం 2025లో నెలకు 673 డాలర్లు. ఓవర్‌టైమ్, లీవు దీనికి అదనం. కాంట్రాక్టు ఎన్ని నెలలు, "కంపెనీ అవసరాన్ని బట్టి పొడిగించవచ్చు" అన్న వాక్యం ఉందా, పొడిగిస్తే దానికి హద్దు ఉందా చూడండి. ఎమ్‌ఎల్‌సీ వర్తించే బోటైతే 12 నెలలు నిండకముందే ఇంటికి పంపాల్సిందే. దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు, తిరుగు టికెట్టు ఎవరిది అన్నవి రాతలో ఉండాలి.

సిబ్బంది లెక్క చాలామంది అడగరు. నా దృష్టిలో జీతం తర్వాత ముఖ్యమైన ప్రశ్న అదే. హార్బర్ టగ్గుకు పిలుపు అర్ధరాత్రి రెండింటికీ వస్తుంది, తెల్లారి నాలుగింటికీ వస్తుంది. ఇంజిన్ రూములో ఒక్కడే ఉంటే వాడికి నిద్ర ఎప్పుడు? ఎమ్‌ఎల్‌సీ ప్రకారం (హార్బర్ టగ్గుకు వర్తించకపోయినా కొలతగా దీన్నే పట్టుకోండి) 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి 6 గంటలకు తగ్గకూడదు. ఒక్క ఇంజనీరు, ఒక్క మాస్టరుతో 24 గంటలూ నడిచే టగ్గులో ఈ లెక్క కుదరదు, రిజిస్టరులో మాత్రం కుదిరినట్టు రాస్తారు. నిద్ర లేని ఇంజనీరు తప్పుడు వాల్వు తిప్పుతాడు. నిద్ర లేని మాస్టరు యాభై వేల టన్నుల ఓడ పక్కన నిలబడి ఉంటాడు. ఎంతమంది, ఎన్ని షిఫ్టులు, ఎన్ని రోజుల డ్యూటీకి ఎన్ని రోజుల సెలవు అన్నది ఫోన్ మీదే అడిగేయండి.

దేశంలో పనైతే పీఎఫ్ సంగతి వదలొద్దు. అప్పటికే అక్కడ చేస్తున్న స్నేహితుణ్ణి ఈపీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించమనండి. నెలనెలా జమ పడుతోందా, కోత వేసి కట్టడం మానేశారా అన్నది నిమిషంలో తెలుస్తుంది.

దిగి వచ్చినవాడిని అడగండి

బోటు మీద ఇప్పుడు ఉన్నవాడు పూర్తిగా చెప్పలేడు, పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఆఫీసు మంచే చెప్తుంది. ఈమధ్యనే సైన్ ఆఫ్ అయి ఇంటికి వచ్చినవాడే మీకు కావలసిన మనిషి. పెళ్లి సంబంధానికి ఎంక్వైరీ చేసినంత శ్రద్ధగా అతణ్ణి వెతికి పట్టుకోండి. భీమిలి, కాకినాడ, ఉప్పాడ, మచిలీపట్నం, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఎవరో ఒకరి బావమరిది ఏదో ఒక టగ్గు మీద ఉండే ఉంటాడు.

"కంపెనీ మంచిదేనా?" అని మాత్రం అడగొద్దు. మా మేనల్లుడి కోసం నేనొక ఏబీకి ఫోన్ చేసినప్పుడు మాట ఇలా నడిచింది.

"తమ్ముడూ, ఎప్పుడు దిగావు?"

"దీపావళికి ముందండి, చీఫ్ గారూ."

"ఎన్ని నెలల కాంట్రాక్టు, ఎన్ని నెలలు ఉంచారు?"

"ఆరు నెలలండి. రిలీవర్ దొరకలేదని తొమ్మిది ఉన్నాను."

"సెటిల్‌మెంట్ వచ్చిందా?"

"రెండు నెలలది రావాలండి. ఇస్తారులెండి, మనుషులు మంచోళ్లే."

ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ఎవరి మీదా చెడు చెప్పకూడదన్న మంచితనం అది. కానీ మంచోళ్లే అన్న మాట పక్కనపెట్టి మిగతా జవాబులు చూడండి. రిలీవర్ మూడు నెలలు ఆలస్యం, జీతం బాకీ. మేనల్లుణ్ణి పంపలేదు. కాబట్టి తేదీలు, రోజులు, అంకెలు వచ్చే ప్రశ్నలే వేయండి. ఆఖరి జీతం ఏ తేదీ? ఫిల్టర్లు రాసి పంపిన ఎన్ని రోజులకు వచ్చాయి? తాగే నీళ్లు ఎక్కడివి? ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టారు? మాస్టరు ఏ పనికైనా కుదరదు అంటే ఏం జరిగింది? ఇద్దరు ముగ్గురిని అడిగితే బొమ్మ దానంతటదే తయారవుతుంది.

బోటు చూసే అవకాశం దొరికితే

కాకినాడ, విశాఖల్లో ఉన్న టగ్గైతే చేరకముందు ఒకసారి చూపించమని అడగండి. ఒప్పుకునే కంపెనీలు ఉన్నాయి, ఒప్పుకోవడమే ఒక మంచి గుర్తు.

నేను ముందు ఇంజిన్ రూము స్టోరులోకి వెళ్తాను. అరల్లో సీలు విప్పని ఫ్యూయల్ ఫిల్టర్లు, లూబాయిల్ ఫిల్టర్లు, కొన్ని ఇంపెల్లర్లు, బెల్టులు, గ్యాస్కెట్ షీట్లు ఉన్నాయంటే ఓనరు బతికే ఉన్నాడని లెక్క. డీజిల్లో కడిగి ఆరబెట్టిన పాత ఫిల్టర్లు వరసగా కనిపిస్తే, సముద్రపు నీటి హోసుకు రబ్బరు ముక్క చుట్టి మూడు క్లిప్పులు బిగించి ఉంటే, కారే గ్లాండు కింద బకెట్టు పర్మనెంటుగా కట్టేసి ఉంటే, అక్కడి ఇంజనీరు మంచివాడు, ఓనరు కాడు. వీలుంటే సామాను రాసి పంపే రిక్విజిషన్ పుస్తకం చూడండి. ఒకే వస్తువు మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి, జూలైలో మరోసారి రాసి ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. ఏ ఆఫర్ లెటరూ చెప్పని నిజం ఆ పుస్తకంలో ఉంటుంది.

డెక్కు మీద టోయింగ్ తాడు చూడండి. నూలు లేచి, ఎండకు గట్టిపడి, ఒకచోట పలచబడిన తాడు బిగువులో తెగితే కాళ్లు తీసేస్తుంది. హుక్కు ఉన్న పాతకాలం టగ్గైతే క్విక్ రిలీజ్ పనిచేస్తుందో లేదో ఎప్పుడు పరీక్షించారని అడగండి. ఓడ ముందుకు కదిలి తాడు టగ్గును పక్క నుంచి లాగితే, టగ్గు ఒరిగి బోల్తా పడటానికి క్షణాలు చాలు. ఆ క్షణాల్లో హుక్కు వదలాలి. లాగే పనిలో ఉన్నప్పుడు డెక్కు తలుపులు మూసి ఉంచుతారా, గాలి కోసం తెరిచి తాడు కట్టేస్తారా చూడండి. తలుపు తెరిచి ఉంటే ఒరిగిన టగ్గు మళ్లీ లేవదు. లైఫ్‌రాఫ్టు మీద సర్వీసు తేదీ ఉంటుంది, మామూలుగా ఏడాదికోసారి చేయించాలి. దాని పక్కన చిన్న హైడ్రోస్టాటిక్ రిలీజ్ మీద గడువు నెల, సంవత్సరం గుర్తుపెట్టి ఉంటాయి. అది దాటిపోయి ఉంటే, బోటు మునిగినప్పుడు రాఫ్టు దానంతటది ఊడి పైకి వస్తుందన్న నమ్మకం లేదు.

బార్జీ మీద నాకున్న పెద్ద భయం ట్యాంకులు. నెలల తరబడి మూసి ఉంచిన ట్యాంకులో ఇనుము తుప్పు పడుతూ లోపలి గాలిలోని ఆక్సిజన్‌ని తినేస్తుంది. బయట గాలిలో దాదాపు 21 శాతం ఉండేది లోపల ఎంతకు పడిపోయిందో వాసన చెప్పదు, కన్ను చెప్పదు. మూత తీసి దిగినవాడు నిచ్చెన మధ్యలోనే కూలిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు. అందుకని, "మీ బార్జీకి గ్యాస్ మీటరు ఉందా? ట్యాంకులో దిగేముందు పర్మిట్టు ఎవరు రాస్తారు?" అని అడగండి. "ఐదు నిమిషాలు మూత తీసి ఉంచితే చాలు" అన్న సూపర్‌వైజరు ఉన్నచోట మీ ప్రాణానికి లెక్క లేదు. ఇక్కడ మొహమాటం వద్దు, కొత్తవాణ్ణి ఏమనుకుంటారో అన్న టెన్షన్ అసలే వద్దు.

తేడా వస్తే

ఎంత చూసుకున్నా ఒక్కోసారి తేడా వస్తుంది. జీతం రెండు నెలలు ఆగితే, తిండీ నీళ్లూ ఇవ్వకపోయినా, ఇంటికి పంపకపోయినా, ఎమ్‌ఎల్‌సీ దాన్ని సిబ్బందిని వదిలేయడం కిందే లెక్కిస్తుంది. ఆ ఒప్పందం వర్తించే బోటు మీద 2017 నుంచి దీనికి ఇన్సూరెన్సు సర్టిఫికెట్ అతికించి ఉండాలి, నాలుగు నెలల దాకా బాకీ జీతం, తిరుగు ప్రయాణం దాని కింద వస్తాయి. ఎక్కిన మొదటి రోజే ఆ కాగితం ఫొటో తీసుకోండి, అందులో ఫోన్ నంబరు ఉంటుంది. మూడో నెల, నాలుగో నెల దాకా ఓపిక పట్టొద్దు. డీజీ షిప్పింగ్‌కి ఫిర్యాదు పెట్టండి, ఆర్‌పీఎస్‌ఎల్ ఏజెన్సీ పేరు అందులో రాయండి. ముంబైలోని సీమెన్ యూనియన్ నుసీకి, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ఐటీఎఫ్‌కి, ఆ దేశంలోని మన ఎంబసీకి కూడా రాయండి. గల్ఫ్‌లో ఉంటే ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని సంప్రదించవచ్చు. అందరూ కలిసి, ఒకే లెక్కతో, బాకీ నెలలు రాసి సంతకాలు పెట్టి పంపితే పని త్వరగా కదులుతుంది. ఖాళీ కాగితం మీద, "నాకు అన్నీ ముట్టాయి" అన్న కాగితం మీద, డబ్బు ఖాతాలో పడకముందు సంతకం పెట్టొద్దు.

ఇక వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలంటే, బాంబే హై వైపు వానాకాలంలో ఆఫ్‌షోర్ పనులు చాలావరకు ఆగిపోయి, వానలు తగ్గాక అక్టోబరు ప్రాంతంలో మళ్లీ అందుకుంటాయి. దానికి ముందు నెలల్లోనే కంపెనీలు మనుషుల్ని చూసుకుంటాయి. ఆగస్టుకల్లా మెడికల్, కోర్సుల రిఫ్రెషర్లు, సీడీసీ, పాస్‌పోర్టు గడువులు సరిచూసి పెట్టుకోండి. అప్పుడు తొందరపడి దొరికిన కంపెనీలో ఎక్కాల్సిన పని ఉండదు, నాలుగైదు చోట్ల అడిగి, ముగ్గురితో ఫోన్లో మాట్లాడి, అగ్రిమెంటు ఇంటి దగ్గర చదువుకునే టైము దొరుకుతుంది.